మందు పేరు అడుగుదాం: ఫంగస్ మాత్ర ధర దిగిన చరిత్ర

ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. అప్పు ఎందుకు తీసుకున్నారు అనే గడిలో చాలాచోట్ల "ఆరోగ్యం" అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక ఏ జబ్బు ఉంది, ఏ మందు ఉంది, ఆ మందుకి అంత డబ్బు నిజంగా అవసరమా అన్నది మాత్రం మన పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. అందుకే ఈసారి చరిత్ర వ్యాసానికి ఒక మందుని తీసుకున్నాం. రాజుల కథ కాదు, మన కొంగుముడికి సంబంధించిన కథ.

ఆ మందు తామరకి, తెల్లబట్ట దురదకి, నోటిలో తెల్లపూతకి వాడే ఫంగస్ మందు. ఫంగస్ అంటే బూజు జాతి. రొట్టె మీద, తడిసిన గోడ మీద పట్టే బూజుకి దాయాదులే మన ఒంటి మీద కూడా పడతాయి. నాట్లు వేసే రోజుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడితే కాలివేళ్ల సందులు ఒరిసిపోతాయి. లంగా బొందు బిగించి కట్టేచోట చెమట ఆరక తామర పడుతుంది. చోటు అలాంటిది కాబట్టి ఎవరికీ చెప్పుకోం. ఒకే తువ్వాలు నలుగురూ వాడే ఇంట్లో ఒకరికి వస్తే మిగతావారికీ వస్తుంది. ఆసుపత్రిలో చేరే జబ్బు కాదు కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు పనికిరాదు. వారాల తరబడి మాత్రలు కొనాలి. డబ్బు అయిపోగానే మధ్యలో ఆపేస్తాం. మళ్లీ తిరగబెడుతుంది, మళ్లీ కొనాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ దుకాణం ధరా కాదు, లెక్క కోసం అనుకున్న ధర మాత్రమే. ఒక కంపెనీ మాత్ర 20 రూపాయలు, అదే మందు ఇంకో కంపెనీది 5 రూపాయలు అనుకుందాం. రోజుకొకటి చొప్పున 28 రోజులు, ఇంట్లో ముగ్గురికి. మొత్తం 84 మాత్రలు. మొదటిదానికి 1,680 రూపాయలు, రెండోదానికి 420 రూపాయలు. తేడా 1,260 రూపాయలు. ఆ తేడాని బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా 37 రూపాయల 80 పైసలు వడ్డీకే పోతుంది. మందు రెండు పెట్టెల్లోనూ ఒక్కటే. అలాంటప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని తగ్గించడానికి ఎవరెవరు పూనుకున్నారు అన్నదే ఈ వ్యాసం.

మాత్రలు లేని రోజులు

మన పెద్దవాళ్లు తామరకి మెట్టతామర ఆకు నూరి రాసేవారు. కొన్ని ఊళ్లలో దాన్నే సీమ అవిసె అంటారు. ఆ మొక్క పేరులోనే జబ్బు పేరు ఉంది. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో బెంజోయిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నోటి పూతకి ఊదారంగు మందు పూసేవారు. ఇవన్నీ చవకే. పైపైన ఉన్నదానికి కొంత పనిచేసేవి. తల చర్మంలోకి, గోళ్లలోకి, ఒంటి లోపలికి దిగిన ఫంగస్‌కి మాత్రం సరిపోయేవి కావు.

1940ల్లో పెన్సిలిన్ వంటి మందులు వచ్చాయి. అవి బాక్టీరియాని చంపాయి కానీ ఫంగస్‌ని ఏమీ చేయలేదు. పైగా, ఒంట్లో మేలు చేసే బాక్టీరియా కూడా పోవడంతో కొందరికి ఫంగస్ మరింత పెరిగింది. యాంటీబయాటిక్ వాడాక తెల్లబట్ట, దురద రావడం మనలో చాలామందికి ఎరుకే. కారణం ఇదే.

ఇద్దరు ఆడవాళ్లు, ఒక మట్టి సీసా

మనుషులకి పెద్దగా హాని లేకుండా ఫంగస్‌ని చంపే తొలి యాంటీబయాటిక్‌ని కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్లు. ఎలిజబెత్ హేజన్ 1885లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే బంధువులు పెంచారు. రేచెల్ బ్రౌన్ 1898లో పుట్టింది. తండ్రి ఇల్లు వదిలిపోతే తల్లి ఉద్యోగం చేసి పిల్లల్ని సాకింది. ఇంటికి తెలిసిన ఒక పెద్దావిడ ఫీజు కడితే రేచెల్ కాలేజీ చదివింది.

ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉద్యోగులే కానీ ఒకే ఊళ్లో కాదు. హేజన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీలో. హేజన్ రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్లో ఫంగస్‌ని చంపేవి ఏవో వెతికేది. దొరికినదాన్ని సీసాలో పెట్టి పోస్టులో బ్రౌన్‌కి పంపేది. బ్రౌన్ అందులోంచి మందు పదార్థాన్ని వేరు చేసి మళ్లీ పోస్టులో పంపేది. హేజన్ దాన్ని పరీక్షించేది. ఇలా ఎన్నో సీసాలు అటూ ఇటూ తిరిగాక, వర్జీనియాలోని ఒక స్నేహితుల పొలం మట్టిలో పనికొచ్చేది దొరికింది. 1950లో ఆ సంగతి ప్రకటించారు. తాము పనిచేసే న్యూయార్క్ స్టేట్ పేరు కలిసేలా మందుకి నిస్టాటిన్ అని పేరు పెట్టారు. నోటి పూతకి, తెల్లబట్టకి ఇప్పటికీ ఆ మందు వాడుతున్నారు.

ఆ మందు మీద వచ్చిన రాయల్టీ మొత్తం 1.3 కోట్ల డాలర్లు దాటింది. ఇద్దరూ ఒక్క డాలరు కూడా సొంతానికి తీసుకోలేదు. అంతా శాస్త్ర పరిశోధనకి, చదువుకునేవాళ్లకి సాయంగా వెళ్లేలా ముందే రాసిచ్చారు. ఒక పెద్దావిడ కట్టిన ఫీజుతో చదువుకున్న మనిషి, తన వంతు వచ్చినప్పుడు పదిమందికి ఫీజు కట్టింది. గుంపులో డబ్బు తిప్పుకోవడం తెలిసిన మనకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

పేటెంటు అంటే ఏమిటి

ఆ తర్వాత మాత్రలు వచ్చాయి. 1939లోనే ఒక బూజు నుంచి తీసిన గ్రైసియోఫల్విన్‌ని నోటి ద్వారా ఇస్తే తామర తగ్గుతుందని 1958లో సీమపందుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. తలలో వచ్చే తామరకి అది పెద్ద మార్పు. తర్వాత క్లోట్రిమజోల్ పూతమందు, 1980ల్లో ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్, ఫ్లూకోనజోల్ వచ్చాయి. ఫ్లూకోనజోల్‌ని ఇంగ్లాండులోని ఫైజర్ పరిశోధనశాలలో కనిపెట్టారు. అమెరికాలో 1990లో డిఫ్లూకాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ రెండు పేర్లు గమనించండి. ఫ్లూకోనజోల్ అన్నది మందు పేరు. డిఫ్లూకాన్ అన్నది కంపెనీ పెట్టుకున్న అమ్మకం పేరు, అంటే బ్రాండు. బియ్యం అన్నది సరుకు పేరు, సంచీ మీద ముద్ర వ్యాపారి పేరు అయినట్టే.

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి ప్రభుత్వం కొన్నేళ్లపాటు "నువ్వు తప్ప ఇంకెవరూ తయారు చేయకూడదు" అని ఇచ్చే హక్కుని పేటెంటు అంటారు. ఆ హక్కు ఉన్నంతకాలం ఎంత ధర అంటే అంత. గడువు తీరాక, లేదా ఆ దేశంలో అలాంటి హక్కే లేకపోతే, వేరే కంపెనీలు కూడా అదే మందు తయారు చేయొచ్చు. అలా తయారైనదే జెనరిక్ మందు. కనిపెట్టే ఖర్చు, మొదటి ప్రచారం ఖర్చు దాని నెత్తిన ఉండవు. పదిమంది తయారుచేస్తే పోటీలో ధర దిగుతుంది.

మన చట్టం, మన బాలానగర్

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన దేశంలో ఉన్నది ఆంగ్లేయులు చేసిన 1911 నాటి పేటెంటు చట్టం. మందుల వ్యాపారం చాలావరకు విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. 1960ల మొదట్లో అమెరికా సెనేట్‌లో కెఫావర్ అనే సభ్యుడి నాయకత్వంలో మందుల ధరల మీద విచారణ జరిగింది. మందులు బాగా ఖరీదుగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని ఆ నివేదిక చెప్పింది. పేదదేశంలోనే మందు ప్రియం!

ఆ పాటికే, 1959లో, న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్ మన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. తిండికి, మందుకి సంబంధించిన పదార్థం మీదే హక్కు ఇచ్చేస్తే పేదదేశం నష్టపోతుందని, తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కు ఇస్తే చాలని ఆయన సలహా. దాని మీద పదేళ్లకి పైగా వాదోపవాదాలు జరిగాక 1970లో కొత్త పేటెంటు చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే హక్కు, అదీ ఏడేళ్లకి మించకుండా. అదే మందుని వేరే పద్ధతిలో తయారు చేయగలిగితే ఎవరైనా చేసుకోవచ్చు.

చట్టం ఉంటే సరిపోదు, తయారుచేయడం తెలిసిన చేతులు కావాలి. అక్కడే మన తెలుగు నేల కథ కలుస్తుంది. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే సంస్థ పెట్టి, హైదరాబాద్ బాలానగర్‌లో మందుల కర్మాగారం కట్టింది. అక్కడ పని నేర్చినవాళ్లలో చాలామంది తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. హైదరాబాద్ చుట్టుపక్కల ఇన్ని మందుల ఫ్యాక్టరీలు రావడానికి ఆ బాలానగర్ ఒక మూలం. ఆ ఫ్యాక్టరీల వాసన, నీళ్ల కాలుష్యం భరించిన ఊళ్లు కూడా మనవే. అది వేరే వ్యాసం అవుతుంది.

ఫ్లూకోనజోల్ వచ్చేసరికి మన దేశంలో 1970 చట్టమే నడుస్తోంది. అందువల్ల ఇక్కడ మన కంపెనీలు దాన్ని సొంత పద్ధతుల్లో తయారు చేసి అమ్మాయి. 1995లో ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో చేరాక 2005 నుంచి మందు పదార్థానికి కూడా మళ్లీ పేటెంటు ఇవ్వడం మొదలైంది. కానీ మనం మాట్లాడుకుంటున్న ఫంగస్ మందులు అంతకుముందువే.

అదే మాత్ర, వేరే దేశం

ఆ చట్టం లేకపోయి ఉంటే ఏమయ్యేదో దక్షిణాఫ్రికా కథ చెబుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఒంట్లో శక్తి తగ్గి, గొంతులో తెల్లపూత పేరుకుపోతుంది, ముద్ద దిగదు. మెదడు పొరలకి కూడా ఫంగస్ పట్టే ప్రమాదం ఉంటుంది. రెండింటికీ ఫ్లూకోనజోల్ వాడతారు. దక్షిణాఫ్రికాలో దాని మీద పేటెంటు ఉండేది. ప్రభుత్వం కొనే ధరే మాత్రకి 28 రాండ్లకి పైన. థాయ్‌లాండ్‌లో ఇతర కంపెనీలు తయారు చేయడం మొదలయ్యాక అదే మోతాదు 2 రాండ్లకి లోపే దొరికింది.

1998లో అక్కడ రోగులు, వారి కుటుంబాలు కలిసి ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంఘం పెట్టుకున్నారు. అందులో సభ్యుడు క్రిస్టఫర్ మొరాకా 2000లో తమ పార్లమెంటు కమిటీ ముందుకి వెళ్లి మందుల ధరలు తగ్గాలని మాట్లాడాడు. ఆ సంవత్సరం జూలైలోనే చనిపోయాడు. గొంతులో ఫంగస్ ఉంది, దానికి మందు ఉంది, కొనే స్తోమత లేదు. ఆయన పేరు మీద సంఘం ధిక్కార ఉద్యమం మొదలుపెట్టింది. నాయకుడు జాకీ అక్మట్ అక్టోబరులో థాయ్‌లాండ్ వెళ్లి, చవక ఫ్లూకోనజోల్ మాత్రలు కొని, దాచకుండా అందరికీ చెప్పి మరీ దేశంలోకి తెచ్చాడు. ఆ ఒత్తిడి నడుమ, సంవత్సరం చివరికి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ రోగులకి ఆ మాత్రలు ఉచితంగా ఇచ్చేందుకు కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది.

ఇక్కడ మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటి. వాళ్లు "మాకు మందు లేదు" అని ఏడవలేదు. మందు పేరు, మోతాదు, ఇక్కడి ధర, అక్కడి ధర కాగితం మీద రాసుకుని అడిగారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎంత పోతోందో లెక్క అడిగినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆ జిల్లాలో ఆ ఉద్యమం వెనకే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. లెక్క తెలిశాకే గొంతు లేస్తుంది.

చవక మందు ఉన్నా ఎందుకు ప్రియం?

మన దేశంలో పేటెంటు అడ్డం లేకపోయినా, ఒకే ఫ్లూకోనజోల్‌ని ఎన్నో కంపెనీలు ఎన్నో బ్రాండు పేర్లతో, ఎన్నో ధరలకి అమ్ముతున్నాయి. చీటీ మీద రాసిన బ్రాండు పేరే మనం అడుగుతాం, దుకాణంలో అదే ఇస్తారు. చవకది పక్క అరలోనే ఉన్నా మనకి తెలియదు. కూరగాయల బజారులో నాలుగు కొట్లు తిరిగి బేరం చేసే మనం మందుల కొట్టు దగ్గర మాత్రం నోరు మెదపం.

ఈ సంగతి ప్రభుత్వానికి కొత్తేమీ కాదు. 1975లోనే హాతీ కమిటీ బ్రాండు పేర్లు క్రమంగా తీసేసి మందు పేరుతోనే అమ్మాలని సిఫారసు చేసింది. అది పూర్తిగా అమలు కాలేదు. తర్వాత ఒక్కో మెట్టు పడింది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర నిర్ణయిస్తున్నారు. ఫ్లూకోనజోల్, క్లోట్రిమజోల్ ఆ జాబితాలో ఉన్నాయి. 2016లో వైద్య మండలి, డాక్టర్లు మందు పేరుని అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన పెట్టింది. 2018 సెప్టెంబరు నుంచి, ఒకే మందు ఉన్న పెట్టెల మీద బ్రాండు పేరు కన్నా మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇంట్లో ఉన్న మాత్రల అట్ట తీసి చూడండి. పెద్దగా కనిపించే పేరే మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు.

2008 నవంబరులో అమృత్‌సర్ ప్రభుత్వ ఆసుపత్రిలో తొలి జన ఔషధి దుకాణం తెరిచారు. మొదటి ఏళ్లలో దుకాణాలు తక్కువ, మందులు సరిగా అందేవి కావు. 2015 తర్వాత పథకం ఊపందుకుని 2023 నవంబరుకి దుకాణాల సంఖ్య 10,000కి చేరింది. రూపాయికి ఒక శానిటరీ ప్యాడ్ దొరికే దుకాణం అంటే మన ఆడపిల్లలు వెంటనే గుర్తుపడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత అన్న సంజీవని పేరుతో జెనరిక్ మందుల దుకాణాలని మహిళా సంఘాల ద్వారానే నడిపించిన అనుభవం కూడా ఉంది. మందుల దుకాణానికి లైసెన్సు, రిజిస్టరైన ఫార్మసిస్టు తప్పనిసరి. ఫార్మసీ చదువుతున్న మన పిల్లలు ఉంటే ఈ దారి ఆలోచించదగ్గదే.

"చవకది పనిచేస్తుందా?" అన్న అనుమానం అందరికీ ఉంటుంది. అనుమానం తప్పు కాదు. లైసెన్సు లేని చోట, బిల్లు లేకుండా కొన్నది ఏ ధరదైనా నమ్మలేం. జన ఔషధి మందుల్ని బ్యాచీల వారీగా గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షించాకే దుకాణాలకి పంపుతారు. ఇట్రాకొనజోల్ లాంటి గుళికలు ఒంటికి పట్టడంలో తయారీని బట్టి తేడాలు ఉండొచ్చు. కాబట్టి దాన్ని మధ్యలో వేరే కంపెనీదిగా మార్చాలంటే డాక్టరుకి చెప్పి మార్చడం మంచిది. ధర తక్కువ అన్నంత మాత్రాన నాసి కాదు, ఎక్కువ అన్నంత మాత్రాన మేలు కాదు.

అన్నిటికన్నా ప్రియమైన చవక

నిజంగా మనల్ని ముంచుతున్నది ఇంకొకటి ఉంది. చీటీ లేకుండా "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే చిన్న ట్యూబు. వాటిలో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గిపోతాయి. తగ్గిందని ఆపేస్తాం. ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఇంకా వెడల్పుగా వస్తుంది. ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే కొట్లు ఉన్నాయి. ఇలా మొండిగా మారిన తామర ఇప్పుడు దేశమంతా డాక్టర్లని ఇబ్బంది పెడుతోంది. భారత్, నేపాల్‌లకి చెందిన రోగుల్లో కనిపించిన ఒక కొత్త ఫంగస్ జాతికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. మామూలుగా తామరకి ఇచ్చే టెర్బినాఫిన్‌కి అది చాలాసార్లు లొంగదు. మన దేశం పేరు ఒక జబ్బు పేరులో కలిసింది. నలభై రూపాయల ట్యూబుతో సరిపెట్టుకుందాం అనుకున్నది నెలల తరబడి మాత్రల ఖర్చు అవుతోంది.

మనం చేయగలిగినవి

చరిత్ర తెలుసుకున్నాక పని కూడా ఉండాలి. గ్రామ సంఘం సమావేశాల్లో చదివి వినిపించడానికి వీలుగా కింద రాస్తున్నాం.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్దాం. ఉచితంగా దొరికేదాన్ని కొనక్కర్లేదు. ఏఎన్ఎం అక్కకో, ఆశా అక్కకో చెబితే సిగ్గు సగం తగ్గుతుంది. ప్రతి దురదా తామర కాదు, గజ్జి వేరు, చర్మం పొడిబారడం వేరు. చూపించుకున్నాకే మందు.

డాక్టరు దగ్గర "సార్, మందు పేరు కూడా రాయండి", "మేడం, జన ఔషధిలో దొరికేది రాయండి" అని అడుగుదాం. అది ఎదురు చెప్పడం కాదు, నిబంధనలో ఉన్నదే.

కొట్లో మూడు సంగతులు కలిసేలా చూద్దాం: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మాత్రా పూతమందా. మూడూ ఒక్కటైతేనే ధర పోల్చాలి. అట్ట ధర కాదు, ఒక్క మాత్ర ధర లెక్కగట్టాలి. ఒక అట్టలో ఒకటే మాత్ర ఉంటుంది, ఇంకోదాంట్లో పది ఉంటాయి. జన ఔషధి సుగమ్, ఫార్మా సహీ దామ్ అనే యాప్‌లలో ధరలు చూడొచ్చు, సంఘంలో చదువుకున్న అమ్మాయిలు చూసి చెప్పగలరు. జెనరిక్ అని ఇచ్చినా పెట్టె మీద ధర ఎక్కువ వేసి ఉండొచ్చు. బిల్లు తీసుకుందాం, గడువు తేదీ చూద్దాం.

డాక్టరుకి దాచకుండా చెప్పాల్సినవి ఉన్నాయి. గర్భం ఉన్నా, ఉండొచ్చనిపించినా, పాలిస్తున్నా, కాలేయం జబ్బు ఉన్నా, షుగరు మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. ఫ్లూకోనజోల్ కొన్ని షుగరు మాత్రలతో కలిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. తెల్లబట్ట పదేపదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. పక్కింటి అక్కకి తగ్గిందని ఆమె మాత్ర మనం వేసుకోకూడదు.

చెప్పినన్ని రోజులు వాడుదాం. మచ్చ పోయిందని ఆపితే కట్టిన డబ్బంతా వృథా. ఇంట్లో ఎవరికి ఉన్నా అందరూ ఒకేసారి చూపించుకోవాలి. తువ్వాళ్లు వేరు చేయాలి, బట్టలు ఎండలో బాగా ఆరాలి, లోపలి బట్టలు సిగ్గుపడి చాటున ఆరేస్తే తేమ పోదు.

చివరగా ఒక ప్రతిపాదన. ఇకమీదట అప్పు పుస్తకంలో "ఆరోగ్యం" అని రాసే గడిలో, సభ్యురాలికి ఇష్టమైతే, మందు పేరు, ఒక్క మాత్రకి పెట్టిన ధర కూడా రాసుకుందాం. జబ్బు పేరు అక్కర్లేదు, ఎవరి పరువూ బయట పడదు. ఏడాది తిరిగేసరికి ఒకే మందుకి ఏ ఊరి అక్క ఎంత పెట్టిందో మన చేతిలోనే లెక్క ఉంటుంది. ఆ లెక్క పట్టుకుని కొట్లో అడగొచ్చు, పీహెచ్‌సీలో అడగొచ్చు, మండల సమావేశంలో అధికారులని అడగొచ్చు. మహాజన సభలో ఈ విషయం చర్చకి పెడుతున్నాం. ప్రతి గ్రామ సంఘం తన అభిప్రాయం తీర్మానం రూపంలో పంపాలని కోరుతున్నాం.